రాకాసి గూళ్ళు: పేరెరుగని పెద్దల రాతి ఇళ్ళు

తెలంగాణలోను, రాయలసీమలోను కొండవాలుల వెంట నడిచేవారికి అప్పుడప్పుడు ఒక వింత కట్టడం తారసపడుతూ ఉంటుంది. నాలుగు వైపులా నాలుగు పలకబండలు నిలబెట్టి, పైన ఒక మహాశిలను మూతగా పరిచి ఉంటారు. చుట్టూ వలయాకారంగా గుండ్లు పేర్చి ఉంటాయి. కొన్నింటిలో ఒక పలకకు, తరచుగా తూర్పు దిక్కున ఉన్నదానికి, గుండ్రని రంధ్రం తొలిచి ఉంటుంది. ఊరివారిని అడిగితే వీటిని రాకాసి గూళ్ళంటారు. కొన్నిచోట్ల రాక్షస గుళ్ళంటారు, మరికొన్నిచోట్ల పాండవుల గుళ్ళంటారు. గూడు వేరు, గుడి వేరు. కాని జనుల నోట ఆ రెండు మాటలూ ఏనాడో కలిసిపోయాయి. ఆ కలయిక వట్టి పొరపాటు కాదేమోనని నాకు అనిపిస్తుంది. దాని సంగతి ముందు ముందు చెబుతాను.

ఇన్ని టన్నుల బండను ఎత్తగలిగినవాడు రాక్షసుడైనా కావాలి, భీమసేనుడైనా కావాలి అన్న ఊహలోనుండి ఆ పేర్లు పుట్టాయి. కన్నడ సీమలో, కొప్పళ జిల్లా హిరేబెణకల్ కొండ మీద ఇలాంటివి సుమారు 400 ఉన్నాయి. అక్కడివారు వాటిని ‘మోరియర మనె’, అనగా మోరియుల ఇళ్ళు అంటారు. ఆ మోరియులు రాక్షసులు కారు, మరుగుజ్జులు! ఒకే కట్టడాన్ని చూసి ఒక ఊరివారు మహాకాయులను ఊహించారు, మరొక ఊరివారు పొట్టివారిని ఊహించారు. ఒకరు పైకప్పు బరువు చూశారు, మరొకరు లోపలి గది ఇరుకు చూశారు. ఇద్దరూ తమ కంటికి కనిపించినదాని నుండే తర్కించారు. ఇద్దరూ ఊహించనిది ఒక్కటే: అందులో బ్రతికినవారెవరూ కాపురముండలేదు. అవి సమాధులు.

చరిత్రకారులు ఈ సమాధుల కాలాన్ని బృహత్ శిలాయుగం అంటారు. దక్షిణాపథంలో ఈ సంప్రదాయం ప్రధానంగా క్రీస్తు పూర్వం 1200 ప్రాంతం నుండి క్రీస్తు శకం తొలి శతాబ్దాల వరకు సాగింది. పేరులో శిల ఉన్నా, ఇది నిజానికి ఇనుము వాడుకలోకి వచ్చిన కాలం. సమాధులలో కొడవళ్ళు, గొడ్డళ్ళు, కత్తులు, బల్లెపు మొనలు దొరికాయి. వాటితోపాటు లోపల నల్లగా, వెలుపల ఎర్రగా మెరిసే కుండలు దొరుకుతాయి. కుండను బోర్లించి కాల్చడం వల్ల లోపలి భాగానికి గాలి తగలక నలుపు తేరుతుంది, వెలుపలి భాగం ఎరుపెక్కుతుంది. కెంపువన్నె పూసలు కూడా తరచు కనిపిస్తాయి. అశోకుని శాసనాలు చెక్కేనాటికి, ధాన్యకటకంలో స్తూపం లేచేనాటికి కూడా దక్కనులో కొందరు తమవారిని ఇలా రాతి గదులలో ఉంచుతూనే ఉన్నారు. అంటే ఇది చరిత్రకు పూర్వమని మనం అనుకునే కాలానికీ, శాతవాహనుల కాలానికీ నడుమ వేసిన వంతెన వంటిది.

దేవాలయ సంచికలో శ్మశానాల మాట ఏమిటని పెద్దలు కొందరు ఆక్షేపించవచ్చు. ఆ ఆక్షేపణ నాకు తెలియనిది కాదు. శుభమా అని వార్షికోత్సవం జరుపుకుంటూ సమాధుల ప్రస్తావన అవసరమా? అయితే మన గ్రంథాలు ఈ విషయంలో మనకంటే జంకు తక్కువ చూపాయి. శతపథ బ్రాహ్మణం పదమూడవ కాండలో శ్మశాన నిర్మాణాన్ని గురించి ఒక ప్రకరణమే ఉంది. మృతుల గుర్తుగా మట్టిదిబ్బ ఎంత ఎత్తున వేయాలి, దాని చుట్టూ రాళ్ళు ఎలా అమర్చాలి, ఎటువంటి చోటు ఎంచుకోవాలి అని అందులో విపులంగా చర్చించారు. దైవీ ప్రజలు దానిని చతురస్రంగా కడతారని, ఆసుర స్వభావం గల ప్రాచ్యులు మొదలైనవారు గుండ్రంగా కడతారని కూడా అక్కడే ఉంది. రాతి వలయాలకు మన పల్లెలవారు రాక్షసుల పేరు పెట్టడం, ఆ గ్రంథం గుండ్రని దిబ్బలను అసురులకు అంటగట్టడం చూస్తే రెంటినీ ముడిపెట్టాలన్న ఆశ కలుగుతుంది. అంత తొందర కూడదు. ఆ గ్రంథం మాట్లాడింది ఉత్తర భారతంలోని తూర్పు ప్రాంతాల వారిని గురించి, మన దక్కనువారిని గురించి కాదు. కాని ఒక్కటి మాత్రం నిశ్చయం: మృతులను మట్టిలోనో రాతిలోనో భద్రపరచడం వేదకాలపు వారికి వినని సంగతి కాదు. ఆశ్వలాయన గృహ్యసూత్రం దహనానంతరం అస్థులను ఏరి, కుండలో ఉంచి, గోతిలో నిక్షేపించమని విధించింది. తమిళ మహాకావ్యం మణిమేఖల కూడా పుహార్ నగరపు శ్మశానాన్ని వర్ణిస్తూ కాల్చేవారిని, బయట వదిలివేసేవారిని, గోతిలో పూడ్చేవారిని, కుండలో పెట్టి మూసేవారిని వరుసగా పేర్కొంటుంది. ఒకే ఊరిలో, ఒకే కాలంలో ఇన్ని ఆచారాలు పక్కపక్కన నడిచాయన్నమాట.

ఈ రాతి గదులను తవ్వినప్పుడు కనబడే విశేషం ఒకటుంది. చాలా సమాధులలో నిండు అస్థిపంజరం ఉండదు. పుర్రె, తొడ ఎముకలు, చేతి ఎముకలు, అవి కూడా కొన్ని మాత్రమే, ఒక్కొక్కసారి పలువురివి కలిపి ఉంటాయి. దేహాన్ని మొదట మరొకచోట ఉంచి, కొంతకాలం గడిచాక అస్థులను ఏరి తెచ్చి ఇక్కడ చేర్చేవారు. మరణానికీ, చివరి మజిలీకీ మధ్య వ్యవధి ఉండేది. రాయి తొలచాలి, బండ చేర్చాలి, బంధువులు కూడాలి, గింజలు సమకూరాలి. ఈ మాట రాస్తున్నప్పుడు మన ఇళ్ళలోని ఒక దృశ్యం నా కళ్ళ ముందు మెదులుతోంది. బ్రిటనులో మనవారెవరైనా కాలం చేస్తే, దహనశాలవారు ఇచ్చిన అస్థికలశం నెలల తరబడి ఇంట్లో ఒక శుభ్రమైన మూల వేచి ఉంటుంది. పిల్లలకు సెలవులు దొరకాలి, టిక్కెట్లు కుదరాలి, రాజమండ్రిలో పురోహితునితో మాట్లాడాలి. మా నాన్నగారి అస్థులు గోదావరిలో కలవడానికి 7 నెలలు పట్టింది. ఆ 7 నెలలూ మా అమ్మ ప్రతి సాయంత్రం ఆ కలశం ముందు దీపం పెట్టేది. మూడు వేల ఏళ్ళ నాడు ఒక కొండవాలున తన పెద్దల అస్థులు పెట్టుకొని పైబండ కోసం ఎదురుచూసిన కుటుంబం నాకు అంత పరాయిగా తోచదు.

ఇక ఈ దేశంలో పుట్టి పెరిగిన మన పిల్లలకు ప్రత్యేకంగా చెప్పవలసిన సంగతి. మీరు బడి విహారయాత్రలలో స్టోన్‌హెంజ్ చూసి ఉంటారు. అక్కడికి ఎంతో దూరం లేని వెస్ట్ కెన్నెట్ సమాధిని కూడా కొందరు చూసి ఉంటారు. ప్రవేశ రుసుము లేదు, తలుపు లేదు, నేరుగా లోపలికి నడిచి వెళ్ళవచ్చు. క్రీస్తు పూర్వం 3650 ప్రాంతంలో కట్టిన ఆ రాతి గదులలో 36 మందికి తక్కువ కాకుండా మనుషుల అస్థులు దొరికాయి. అక్కడా ఎముకలు వేరుచేసి పేర్చినవే, అక్కడా కొన్ని పుర్రెలు, పొడవు ఎముకలు లోపించాయి. మన తెలుగు తరగతి పిల్లలతో అక్కడికి వెళ్ళినప్పుడు ఒక పాప, “తాతగారూ, మన ఊళ్ళో కూడా ఇలాంటివి ఉన్నాయా?” అని అడిగింది. ఉన్నాయమ్మా, లెక్కలేనన్ని ఉన్నాయి అన్నాను. “మరి మా అమ్మానాన్నలు ఎప్పుడూ చూపించలేదే?” అన్నది. ఆ ప్రశ్నకు సమాధానంగానే ఈ వ్యాసం రాస్తున్నాననుకోండి.

వెస్ట్ కెన్నెట్‌ను 1955-56లో తవ్వినవారు స్టూవర్ట్ పిగట్, రిచర్డ్ అట్కిన్‌సన్. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో పిగట్ ఉద్యోగరీత్యా భారతదేశంలో ఉండి, మన పూర్వచరిత్రను అధ్యయనం చేసి, 1950లో భారతదేశ ప్రాక్చరిత్ర మీద ఒక పుస్తకమే ప్రచురించారు. అంతకు నూరేళ్ళ ముందే మరొక ఆంగ్లేయుడు ఈ రెండు దేశాల రాళ్ళను పక్కపక్కన పెట్టి చూశాడు. ఆయన ఫిలిప్ మెడోస్ టేలర్. లివర్‌పూల్‌లో 1808లో పుట్టి, చిన్న వయసులోనే నిజాం సైన్యంలో చేరి, తెలుగు కవులను ఆదరించిన సురపురం సంస్థానంలో పరిపాలనాధికారిగా పనిచేశాడు. ఆ పరిసరాలలోని రాజన్ కోలూరు, జేవర్గి వంటి చోట్ల రాతి సమాధులను 1850ల ప్రాంతంలో పరిశీలించి, తవ్వించాడు. పలకలోని గుండ్రని రంధ్రం చూసి, బ్రిటనులోని కొన్ని సమాధులలో ఉన్నట్లే ఇక్కడా ఉన్నదే అని విస్తుపోయాడు. అటు డ్రూయిడ్ల పేరు, ఇటు సిథియనుల పేరు చెప్పి, రెండు చోట్లా కట్టినవారు ఒకే జాతివారని భావించాడు.

ఆ అభిప్రాయం నిలువలేదు. వెస్ట్ కెన్నెట్‌కూ మన రాకాసి గూళ్ళకూ నడుమ రెండు వేల ఏళ్ళకు పైగా వ్యత్యాసం ఉంది. పైగా డ్రూయిడ్లు స్టోన్‌హెంజ్‌ను కట్టినవారు కారు, వారు ఆ తరువాత ఎన్నో శతాబ్దాలకు వచ్చినవారు. పోలిక ఉన్నంత మాత్రాన చుట్టరికం ఉండనక్కరలేదు. పెద్ద బండలు దొరికే నేల మీద, మృతులకు మన్నికైన ఇల్లు కట్టాలని తలచిన మనుషులు వేర్వేరు కాలాలలో ఒకే ఉపాయానికి వచ్చారు. ‘లోకంలోని పెద్ద రాళ్ళన్నీ మనవారే పెట్టారు’ అని ఈనాడు ప్రచారం చేసే మనవారికి కూడా ఇదే జవాబు. అయితే టేలర్ పొరబడిన సిద్ధాంతం కంటే అతను చేసిన పని గొప్పది. తవ్విన సమాధిని అడ్డంగా కోసి చూపినట్లు, ఏ పొరలో ఏముందో తెలిసేలా పటాలు గీశాడు. పురావస్తు శాస్త్రం ఇంకా తప్పటడుగులు వేస్తున్న కాలంలో అంత శ్రద్ధ అరుదు. ఎవరినీ తేలికగా మెచ్చని మార్టిమర్ వీలర్ సైతం ఆ పటాలను ప్రశంసించాడు.

ఆ వీలర్ 1947లో కర్ణాటకలోని బ్రహ్మగిరి వద్ద, అశోకుని శాసనాలున్న కొండ పక్కనే, ఈ సమాధులను శాస్త్రీయంగా తవ్వాడు. పలకలను స్వస్తికాకారంలో ఒకదానికొకటి ఊతమిచ్చేలా నిలబెట్టిన నేర్పు అక్కడ స్పష్టంగా బయటపడింది. ఒక పలక కూలబోతే పక్క పలక ఆపుతుంది. సున్నం లేదు, మేకు లేదు, బరువే బంధం. ఈ సమాధులు క్రీస్తు పూర్వం 200 నుండి మొదలయ్యాయని వీలర్ లెక్క కట్టాడు. తరువాతి రేడియోకార్బన్ పరీక్షలు ఆ కాలాన్ని అనేక శతాబ్దాలు వెనక్కి జరిపాయి.

మన తెలుగునాట జరిగిన పని కూడా తక్కువది కాదు. నిజాం రాజ్యంలో 1914లో పురావస్తు శాఖ ఏర్పడింది. దానికి నాయకత్వం వహించిన గులాం యజ్దానీ, ఈ సమాధుల కుండల మీద గీసిన గుర్తులను గమనించి, వాటిలో కొన్ని బ్రాహ్మీ అక్షరాలను పోలి ఉన్నాయని 1917లోనే రాశాడు. ఆ గుర్తులు అక్షరాలా, కుమ్మరి గుర్తులా, ఇంటి గుర్తులా అన్న వాదం ఇంకా తెగలేదు. హంట్ అనే వైద్యుడు భువనగిరి దగ్గరి రాయగిరి సమాధులను తవ్వి 1924లో వివరంగా ప్రకటించాడు. నాగార్జున సాగరం కట్టేముందు నాగార్జునకొండ లోయలో జరిపిన తవ్వకాలలో, బౌద్ధ విహారాలకంటే పాతవైన ఇలాంటి సమాధులు బయల్పడ్డాయి. ఒకదానిలో బంగారు చెవి నగలు దొరికాయి. ఏలేశ్వరంలోను ఉన్నాయి, అయితే ఆ ఊరు ఇప్పుడు సాగర జలాల కింద ఉంది. కడప జిల్లా శంఖవరంలో దొరికిన శవపేటిక మరీ ముచ్చటైనది. కాల్చిన మట్టితో పొట్టేలు ఆకారంలో చేశారు దానిని. తల, కొమ్ములు, కింద వరుసగా కాళ్ళు ఉంటాయి. చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో దానిని చూసినప్పుడు, ఇంటి పొట్టేలు మీద ఎక్కించి పెద్దాయనను సాగనంపినట్లు తోచింది. ఇది నా ఊహ, ఆధారం అడగకండి.

సిద్దిపేట జిల్లా నర్మెట్టలో 2017లో రాష్ట్ర పురావస్తు శాఖ తవ్విన సమాధి పైబండ 40 టన్నులకు పైగా ఉంటుందని అంచనా వేశారు. దానిని పక్కకు తీయడానికి భారీ క్రేను తెప్పించవలసి వచ్చింది. క్రేను లేని రోజులలో దానిని పైకి చేర్చినవారిని తలచుకోండి. తెలంగాణ నల్లరాతి గుట్టలలో బండలు ఉల్లిపొరల వలె పలకలుగా విచ్చుకుంటాయి. పలక మీద మంట పెట్టి, కాగిన తరువాత నీళ్ళు చల్లితే బీట పడుతుంది. ఆ పలకను దుంగల మీద దొర్లించి, మట్టి ఏటవాలు కట్టి పైకి లాగి ఉంటారని పండితుల అభిప్రాయం. ఎలా చేసినా, పదిమంది వల్ల అయ్యే పని కాదు. ఊరంతా కదలాలి, కదిలినవారందరికీ అన్నం పెట్టాలి. కనుక ఇటువంటి సమాధి అందరికీ దక్కి ఉండదు. గొప్పవారికో, పూజ్యులకో కట్టి ఉంటారు. మిగిలినవారు ఏమయ్యారో భూమికే తెలుసు.

ఇంతకూ వీరెవరు? మన పూర్వులేనా? హైదరాబాదులో చాలాకాలం పనిచేసిన మానవ శాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్, ఈ సమాధులవారే ద్రావిడ భాషలను దక్షిణానికి తెచ్చినవారని వాదించారు. ద్రావిడ భాషలు అంతకు ముందునుండే ఇక్కడ ఉన్నాయని వాదించేవారూ ఉన్నారు. రాళ్ళు భాష చెప్పవు. ఈ విషయంలో నా మట్టుకు నేను ఒక మాట అనగలను: దక్కనులో తరతరాలుగా దున్నిన, నేసిన, కాచిన మనుషులలో వీరి రక్తం ఎంతో కొంత కలవకుండా ఉండటం అసాధ్యం. గోత్రం చెప్పలేకపోవచ్చు, చుట్టరికం కాదనలేం. మహాలయ పక్షంలో మన ఆలయంలో జరిగే తర్పణాలలో, మూడు తరాల పేర్లు చెప్పిన తరువాత, చివరగా తల్లి, తండ్రి, బంధువు, గోత్రం తెలియనివారి కోసమని కూడా నీళ్ళు విడుస్తాం. పిల్లలు దీనిని గమనించారో లేదో తెలియదు. ఈసారి గమనించండి.

ఈ ఆచారం పూర్తిగా అంతరించిందనుకోవడం కూడా సరికాదు. శ్రీకాకుళం మన్యంలోను, ఒడిశా కొండలలోను నివసించే సవరలు తమ మృతుల పేర రాళ్ళు నాటుతారు. గువార్ అనే ఆ కర్మలో దున్నను బలి ఇచ్చి, బంధువులందరూ కూడి, ఒక్కొక్క మృతునికి ఒక్కొక్క రాయి నిలబెడతారు. వెరియర్ ఎల్విన్ 1955లో సవరల మతం మీద రాసిన గ్రంథంలో దీనిని వర్ణించాడు. గదబలలోను ఇలాంటి కర్మ ఉంది. ఊరి పొలిమేరలలోని వీరగల్లులు, పల్నాటి కారెంపూడిలో వీరుల గుడి, చనిపోయినవారి కోసం రాయి నిలపడమన్న ఆ పాత తలపుకే దూరపు వారసులని నేను భావిస్తాను.

ఇప్పుడు యాత్ర సంగతి. భారతదేశానికి వెళ్ళినప్పుడు తిరుపతి, శ్రీశైలం, భద్రాచలం చూస్తారు, చూడాలి కూడా. ఆ దారిలోనే ఒక్క పూట కేటాయిస్తే చాలు. మొదట ముడుమాల్. నారాయణపేట జిల్లాలో, కృష్ణానది ఒడ్డున ఉంది. హైదరాబాదు నుండి రాయచూరు వెళ్ళే దారిలో మక్తల్ దాటాక నది వైపు మళ్ళాలి. ఇవి గూళ్ళు కావు, నిలువురాళ్ళు. సుమారు 80 ఎకరాలలో, 10 నుండి 14 అడుగుల ఎత్తున్న రాళ్ళు నిలబడి ఉన్నాయి, వాటి మధ్య చిన్న రాళ్ళు బారులు తీరి ఉన్నాయి. 2025 మార్చిలో యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలో ఈ చోటు చేరింది. ఒక చదును బండ మీద చిన్న చిన్న గుంటలు తొలిచారు. అవి సప్తర్షి మండలం ఆకృతి అని పరిశోధకులు గుర్తించారు. కొన్ని రాళ్ళ వరుసలు సూర్యుని గమనాన్ని అనుసరించి నిలిపినవని కూడా వారు చెబుతున్నారు. ఇన్ని రాళ్ళున్నప్పుడు ఏవో రెండు సూర్యుని వైపు చూడకపోవు కదా అని సందేహించేవారు సందేహిస్తారు. మీలో గణితం, ఖగోళం చదువుకున్నవారు స్వయంగా కొలిచి చూడదగిన ప్రశ్న ఇది.

నేను వెళ్ళిన ఉదయం అక్కడ పత్తి చేనులో పనిచేస్తున్న పెద్దాయన ఒకరు మమ్మల్ని ఒక నిలువురాయి దగ్గరికి తీసుకువెళ్ళారు. రాయికి పసుపు, కుంకుమ ఉన్నాయి. “చెప్పులు ఈడ్నే ఇడువుండ్రి సారూ, ఎల్లమ్మ తల్లి ఉన్న జాగ” అన్నారు. పురావస్తు శాస్త్రానికి అది నిలువురాయి, ఊరికి ఎల్లమ్మ. గూడు, గుడి అన్న మాటలు కలిసిపోవడం వట్టి పొరపాటు కాదేమో అని మొదట అన్నది ఇందుకే. ఎవరు నిలిపారో మరచిపోయినా, అక్కడ తల వంచాలన్న సంగతి ఊరు మరచిపోలేదు.

అడవిలో చూడదలచినవారు ములుగు జిల్లా తాడ్వాయి మండలంలోని దామరవాయికి వెళ్ళాలి. మేడారం సమ్మక్క సారలమ్మల గద్దెలు ఉన్నది కూడా ఈ మండలంలోనే. జాతరకు వెళ్ళే లక్షలాది జనంలో ఈ గూళ్ళ వైపు తొంగిచూసేవారు బహు కొద్దిమంది. గుట్ట మీద పదుల కొద్దీ గూళ్ళు ఇంకా పైకప్పులతో నిలిచి ఉన్నాయి. అక్కడినుండి గోదావరి దిగువకు వస్తే మణుగూరు వైపు, పినపాక మండలంలో జానంపేట ఉంది. అక్కడి సమాధులు వందల సంఖ్యలో ఉన్నాయి. ఈ గోదావరి సీమలోనే, దొంగతోగు వంటి చోట్ల, చేతులు చాచిన మనిషి ఆకారంలో చెక్కిన నిలువురాళ్ళు కనిపిస్తాయి. 1868లో మల్హెరాన్ అనే సర్వే అధికారి వీటిని చూసి శిలువలని రాశాడు. ఆ మాట పట్టుకొని, ఫెర్గుసన్ వంటి పండితుడు కూడా ప్రాచీన క్రైస్తవుల దాకా ఊహలు సాగించాడు. ఇప్పుడు వాటిని మానవాకృతులుగానే గుర్తిస్తున్నారు. కొన్నింటికి స్త్రీ రూపం స్పష్టంగా ఉంది. అడవి దారులు కనుక స్థానికుల తోడు లేకుండా వెళ్ళవద్దు, అటవీ శాఖవారికి చెప్పి వెళ్ళండి. నవంబరు నుండి ఫిబ్రవరి వరకు అనుకూల కాలం. పిల్లల బడి సెలవులని జూలై, ఆగస్టులలో వెళితే వానలకు దారులు బురదమయమై ఉంటాయి. భూపాలపల్లి జిల్లా రేగొండ దగ్గరి పాండవుల గుట్టలు వేరు. అవి రంగు చిత్రాలున్న గుహలు, సమాధులు కావు. పేరు చూసి పొరబడేవారు ఎక్కువ.

అంత దూరం వెళ్ళలేనివారికి హైదరాబాదులోనే అవకాశం ఉంది. గచ్చిబౌలిలో కేంద్రీయ విశ్వవిద్యాలయం ఆవరణలోనే ఇలాంటి సమాధులు ఉన్నాయి, అక్కడి చరిత్ర శాఖవారు తవ్వకాలు జరిపారు. మీ అన్నయ్యలు, బాబాయిలు పనిచేసే సాఫ్ట్‌వేరు కార్యాలయాల పక్కనే ఇనుపయుగపు మనుషులు నిద్రిస్తున్నారన్నమాట. నగరం పెరిగిన కొద్దీ ఇటువంటివి ఎన్నో మాయమయ్యాయి. గ్రానైటు క్వారీలకు కొన్ని, రోడ్లకు కొన్ని, ఇళ్ళ స్థలాలకు కొన్ని పోయాయి. గుప్తనిధుల ఆశతో రాత్రివేళ తవ్వేవారి వల్ల పోయినవి మరికొన్ని. ఆ నిధులవేటగాళ్ళకు దొరికేది కుండపెంకులు, తుప్పుపట్టిన కత్తి ముక్క. మనకు పోయేది మాత్రం తిరిగిరానిది. పైబండ ఒక్కసారి పక్కకు దొర్లితే లోపలి వరుస చెదిరిపోతుంది, ఏ ఎముక పక్కన ఏ కుండ ఉందో చెప్పే సాక్ష్యం అంతటితో సరి. రైతును మాత్రం నిందించలేను. మూడెకరాల చేనులో నాలుగు గూళ్ళుంటే అతనికి దున్నడానికి నేల తగ్గుతుంది, వాటిని కాపాడినందుకు అతనికి పైసా ముట్టదు. ఈ చిక్కు విప్పనిదే చట్టాలు కాగితం దాటవు. కేంద్ర రక్షిత కట్టడాలకు 100 మీటర్ల లోపు కొత్త నిర్మాణం నిషిద్ధమని 2010లో చట్టాన్ని సవరించారు, కాని రాకాసి గూళ్ళలో ఆ రక్షణ దక్కినవి అతి స్వల్పం.

వెళ్ళేవారికి కొన్ని మాటలు. గూటి మీదికి ఎక్కి ఫోటోలు దిగవద్దు. మూడు వేల ఏళ్ళు నిలిచిన పలక ఒక్క కుదుపుకు జారవచ్చు. రంధ్రంలో తల దూర్చేముందు పాములు, తేళ్ళు ఉంటాయని గుర్తుంచుకోండి. ఊరివారు ఇప్పటికే పూజించే రాయికి తప్ప, మీ భక్తితో కొత్త రాళ్ళకు పసుపు పూయవద్దు. తొలిచిన గుంటలు, గీతలు దాని కింద కనుమరుగవుతాయి. పొలంలో అడుగు పెట్టేముందు రైతును అడగండి. నల్లా ఎరుపూ కలిసిన చిన్న పెంకు కాలికి తగిలితే జ్ఞాపకంగా సంచిలో వేసుకోవాలనిపిస్తుంది, వేసుకోకండి. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం అటువంటివి దేశం దాటించడం నేరం. చట్టం సంగతి అలా ఉంచినా, అది ఒకరి అన్నం కుండ. వారి పక్కన ఎవరో ప్రేమతో పెట్టినది. చేతిలోకి తీసుకుని చూడండి, లోపలి నలుపు మీద వేలితో రాసి ఆ నునుపు గమనించండి, మళ్ళీ తీసిన చోటనే, అదే వైపు పైకి ఉండేలా పెట్టి రండి.